చావుకు ముందు కాగితం

చావు అందరినీ సమానం చేస్తుందన్న మాట మనవాళ్ళు ఎంతకాలంగా చెబుతున్నారో లెక్క లేదు. హరికథకులు చెప్పారు, బైరాగులు తత్వాలు కట్టి పాడారు, నాటకాల్లో కాటిసీను రాగానే హార్మోనియం శ్రుతి పెంచి పద్యాలు అందుకున్నారు. ఈ మాట చెప్పినవాళ్ళందరూ తమ ఊళ్ళో వల్లకాడు ఒకటి కాదనీ, రెండో మూడో ఉన్నాయనీ ఎరిగినవాళ్ళే. దారి లేక పొలంగట్ల మీదుగా పాడె మోసుకుపోయే పల్లెలు ఇవాళ కూడా ఉన్నాయి. అయినా ఆ మాటలో ఏదో ఓదార్పు ఉంది గనక అది నిలిచింది.

నేను రాయదలచుకున్నది శ్మశానం గురించి కాదు. దానికి చేరే ముందు ఆసుపత్రిలో గడిచే చివరి వారాల గురించి. ఆ వారాలు ఎలా గడవాలో ముందే చెప్పి రాసి పెట్టుకునే హక్కు గురించి. ఆ హక్కు ఎవరికి దక్కుతోంది, ఎవరికి కాగితంగా మాత్రమే అందుతోంది అన్నదాని గురించి. అమెరికాలో ఈ హక్కు చట్టంలోకెక్కి మూడు దశాబ్దాలు దాటింది. 2013 నుంచి 2024 దాకా నేను కాలిఫోర్నియాలో మా అమ్మాయి దగ్గర ఉన్నాను. అందులో ఆరేళ్ళు ఆసుపత్రులకు టెలిఫోనులో తెలుగు దుబాసి పని చేశాను. ఆ పనిలో విన్నవీ, మా బావగారిని డయాలిసిస్‌కు తీసుకుపోతూ చూసినవీ ఇందులో ఉన్నాయి. రోగుల సంగతులు బయట పెట్టకూడదని నియమం గనక ఊళ్ళూ వయసులూ మార్చాను.

ఆ కాగితం ఏమిటో ముందు చెప్పాలి. మనిషి తెలివిలో ఉండగానే, ముందు ముందు తాను మాట్లాడలేని స్థితి వస్తే తనకు శ్వాసయంత్రం పెట్టవచ్చునా, గొట్టంతో ఆహారం పొయ్యవచ్చునా, గుండె ఆగితే దాన్ని మళ్ళీ ఆడించే ప్రయత్నం చెయ్యాలా, ఈ విషయాల్లో తన తరపున ఎవరి మాట చెల్లాలి అన్నవి రాసి సంతకం చేస్తాడు. అక్కడ దాన్ని అడ్వాన్స్ డైరెక్టివ్ అంటారు. మొదట ఈ ఊహ చేసినవాడు లూయీ కుట్నర్ అనే షికాగో వకీలు. 1969లో ఒక న్యాయశాస్త్ర పత్రికలో రాస్తూ దానికి ‘లివింగ్ విల్’ అని పేరు పెట్టాడు, అంటే బతికుండగానే అమలయ్యే వీలునామా అన్నమాట. డాక్టరూ నర్సూ రోగీ కాక ఒక వకీలు దీన్ని ఊహించటం కాకతాళీయం కావచ్చు. కాని వీలునామా అనేది ఆస్తి ఉన్నవాడి అలవాటు. ఆస్తి లేనివాడు పోయేముందు చెప్పిపోతాడేగాని రాసిపోడు. ఈ తేడాను నేను చాలాసార్లు గుర్తు చేసుకోవలసి వచ్చింది.

తరవాత మూడు కేసులు ఈ ఊహను చట్టం చేశాయి. న్యూజెర్సీలో కేరన్ ఆన్ క్విన్లన్ అనే 21 ఏళ్ళ అమ్మాయి 1975లో స్పృహ కోల్పోతే, శ్వాసయంత్రం తీసెయ్యమని తల్లిదండ్రులు కోర్టుకు పోయారు. 1976లో ఆ రాష్ట్రపు సుప్రీం కోర్టు ఒప్పుకున్నది. అదే సంవత్సరం కాలిఫోర్నియా దేశంలోకెల్లా మొదటి చట్టం చేసింది. మిస్సోరీలో నాన్సీ క్రూజన్ 1983లో కారు ప్రమాదానికి గురై ఏళ్ళ తరబడి గొట్టం మీద ఉండిపోయింది. 1990లో ఆమె కేసు దేశపు సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది, ఆ డిసెంబరులో ఆమె పోయింది. ఆ యేడే కాంగ్రెసు రోగుల స్వయంనిర్ణయ చట్టం చేసింది. మెడికేర్, మెడికెయిడ్ డబ్బు పుచ్చుకునే ప్రతి ఆసుపత్రీ రోగి చేరగానే ‘మీకు ఇలాంటి కాగితం ఉందా’ అని అడగాలనీ, లేకపోతే అలాంటి హక్కు ఉన్నదని రాతపూర్వకంగా తెలపాలనీ దాని సారాంశం. 1991 డిసెంబరులో అమలులోకి వచ్చింది. మూడోది ఫ్లారిడాలోని టెరీ షైవో కేసు. 2005లో దేశం దేశమంతా టెలివిజన్ ముందు కూర్చుని వాదులాడుకున్నది.

మూడు కేసుల్లోనూ రోగి వయసులో ఉన్న తెల్ల స్త్రీ. మూడింటిలోనూ కోర్టుకెక్కిన ప్రశ్న యంత్రాన్నో గొట్టాన్నో తీసెయ్యవచ్చునా అన్నదే. అంటే ఈ చట్టం వెనక ఉన్న భయం ఆసుపత్రి మనని వదిలిపెట్టదేమో, చావనివ్వదేమో నన్నది. అది అబద్ధపు భయం అనను. కాని అదే దేశంలో ఆసుపత్రి తమని లోపలికి రానివ్వదేమో నని తరాలుగా భయపడిన జనం ఉన్నారు. 1946లో ఆసుపత్రుల నిర్మాణానికి ప్రభుత్వ ధనం ఇచ్చిన చట్టమే నల్లవారికి వేరే, తెల్లవారికి వేరే కట్టుకోవటానికి వీలు ఉంచింది. ఆ వీలు రాజ్యాంగ విరుద్ధమని కోర్టు చెప్పటానికి 1963 దాకా పట్టింది. 1966లో మెడికేర్ డబ్బు కావాలంటే తలుపులు తెరవాలని షరతు పెట్టిన తరవాతే దక్షిణాది ఆసుపత్రుల్లో చాలావాటి వార్డులు కలిశాయి. ఇవాళ డెబ్భయి ఎనభై ఏళ్ళ వయసులో ఉన్న నల్ల రోగి తన చిన్నతనంలో ఆ వేరే తలుపులో నుంచి వెళ్ళినవాడే. అతని ముందు అదే కాగితం పెట్టి ‘మీకు ఏమేం చికిత్సలు వద్దు?’ అని అడగటంలో ఎంత విడ్డూరం ఉన్నదో చట్టం చేసినవారికి తోచినట్టు లేదు.

దుబాసి పని గురించి చెబుతాను. నిమిషాల లెక్కన కూలి. ఫోను మోగుతుంది, అవతల ఏ రాష్ట్రమో, ఏ వార్డో తెలియదు. డాక్టరు మాటను ‘నేను’ అనే చెప్పాలి, రోగి మాటనూ ‘నేను’ అనే చెప్పాలి. ఏమీ కలపకూడదు, ఏమీ వదలకూడదు. ఒకనాడు నా నోటితోనే ‘మీకు నేను చెయ్యగలిగింది ఇంకేమీ లేదు’ అనీ, అర నిమిషం తరవాత ‘నేనింకా బతకాలి గదయ్యా’ అనీ అన్నాను.

ఒక పెద్దావిడ సంగతి. మెట్ట ప్రాంతం మనిషి, మిరప చేలల్లో పనిచేసినావిడ. కొడుకు ఇంజనీరు. గుండె బలహీనమై మూత్రపిండాలు కూడా దెబ్బతిన్నాయి. రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ, మర్యాద గల మనిషి, అక్కడి ఆచారం ప్రకారం అడిగింది: ‘మీ గుండె ఆగిపోతే మమ్మల్ని అన్నీ చెయ్యమంటారా?’ నేను తెలుగులో అదే అన్నాను.

‘అన్నీ అంటే ఏంది నాయనా? చెయ్యాల్సినయ్యి చెయ్యకుండా ఉంటారా ఏంది?’

అది ఇంగ్లీషులో చెప్పాను. డాక్టరమ్మ ఛాతీ మీద నొక్కటం, పక్కటెముకలు విరిగే అవకాశం, కరెంటు షాకు, గొంతులో గొట్టం వివరించింది. నేను వివరించాను. కొడుకు మధ్యలో, ‘సార్, దయచేసి ఈ మాటలు అమ్మకు చెప్పొద్దు’ అని నాతో అన్నాడు. దుబాసికి రహస్యంగా ఏ మాటా చెప్పగూడదు గనక ఆ మాట కూడా డాక్టరమ్మకు ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ, రోగికి తెలివి స్పష్టంగా ఉంది, ఆమే చెప్పాలి అన్నది. పెద్దావిడ కాసేపు ఊరుకుని, ‘నన్ను ఊరికి పంపించండి. మా ఇంట్లో, మా వసారాలో పడుకోబెట్టండి. ఆడ పోతే పోతా’ అన్నది. కొడుకు ఏడ్చాడు. డాక్టరమ్మ ఈ మాట విని, ‘అయితే గుండె ఆగితే మేం ప్రయత్నం చెయ్యాలా, వద్దా?’ అని మళ్ళీ అడిగింది. ‘మావాణ్ణి అడగండి’ అన్నది పెద్దావిడ. ఆ గదిలో నిర్ణయం జరగలేదు. నిర్ణయం జరగకపోతే అన్నీ చెయ్యమన్నట్టే లెక్క. పత్రంలో అలాగే రాస్తారు. మొత్తం 22 నిమిషాలు.

ఆవిడ తన చావు గురించి చెప్పవలసిందంతా స్పష్టంగా చెప్పిందని నా అభిప్రాయం. ఎక్కడ పోవాలో చెప్పింది, ఎవరి మాట చెల్లాలో చెప్పింది. వసారాకు ఆ ఫారంలో గడి లేదు, అంతే. ఉన్న గడులన్నీ యంత్రాలవి.

ఇలాంటి సంఘటనలు పెద్ద పత్రికల్లో వ్యాసాలుగా వచ్చినప్పుడు వాటికి పెట్టే పేరు సంస్కృతి. ఆసియావారు చావు గురించి మాట్లాడరు. నల్లవారు దేవుడి మీద భారం వేస్తారు. స్పానిష్ మాట్లాడేవారు కుటుంబానికి వదిలేస్తారు. నిజం ఏమీ లేదనను. మన ఇళ్ళల్లో అశుభం పలికితే తథాస్తు దేవతలు వింటారని నోరు నొక్కుతారు. వల్లకాటికి మోసుకుపోయే దారిలో దింపుడు కళ్ళం దగ్గర పాడె దించి, చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలిచే జనం మనం. ప్రాణం పోయిన తరవాత కూడా ఒకసారి అడిగి చూడనిదే నిప్పు పెట్టం. అలాంటివాళ్ళను, గుండె ఆడుతూ ఉండగానే, ఆగితే పిలవవద్దని సంతకం చెయ్యమంటే చెయ్యి ఆడదు.

కాని మన ముసలివాళ్ళు చావుకు సిద్ధపడరనటం శుద్ధ అబద్ధం. మా నాయనమ్మ తన ఖర్చులకు డబ్బు మూటగట్టి బియ్యపు డబ్బాలో దాచింది. కాశీ నుంచి తెచ్చిన చెంబుకు సీలు విప్పనివ్వలేదు. తలకొరివి ఎవరు పెట్టాలో, పెద్దకర్మకు ఎవరిని పిలవకూడదో కూడా చెప్పింది. చివరి రోజుల్లో పట్నం ఆసుపత్రికి తీసుకుపోవద్దని నలుగురి ముందూ చెప్పింది. ఇంతకన్న ముందస్తు ప్రణాళిక ఏముంటుంది? ఆమె చెప్పింది తనను ఎరిగిన నలుగురితో. అమెరికా ఆసుపత్రి అడిగేది అపరిచితుడి ముందు, పరాయి భాషలో, వచ్చిన రాత్రే. రోగి మాట్లాడకపోతే తప్పు రోగి నమ్మకాలది అవుతుంది. అడిగిన తీరుది కాదు. సంస్కృతి అన్న మాటను ఇలా వాడినప్పుడు దానికి ఖర్చు ఏమీ ఉండదు, ఎవరి జీతమూ పెంచనక్కరలేదు, ఎవరినీ కొత్తగా నియమించనక్కరలేదు. అందుకే ఆ మాట అంత వాడుకలో ఉందని నాకనిపిస్తుంది.

డయాలిసిస్ కేంద్రంలో మా బావగారి పక్క కుర్చీ ఒక నల్ల ముసలాయనది. వారానికి మూడు రోజులు, రోజుకు నాలుగు గంటలు ఇద్దరి రక్తమూ పక్కపక్కన తిరిగేది. ఆయన ఓక్‌లాండ్ రేవులో సరుకు దించిన మనిషి. తల్లిదండ్రులు రెండో యుద్ధకాలంలో లూయీసియానా నుంచి ఓడల కార్ఖానాల్లో పనికి వచ్చారు. మా బావగారికి ఇంగ్లీషు అంతంతమాత్రం, ఆయనకు తెలుగు సున్న. అయినా ఇద్దరూ బేస్‌బాల్ చూసి ఒకేసారి విసుక్కునేవారు. మాటలు నాతో. ఆ దేశ జనాభాలో నల్లవారు నూటికి 13 మంది ప్రాంతం. డయాలిసిస్ కుర్చీల్లో మాత్రం మూడోవంతు దాకా వాళ్ళే. మా కేంద్రంలో ఇంకా ఎక్కువ.

ఏడాదికోసారి అక్కడి సోషల్ వర్కరు కాగితం తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టేది. ఆయన మర్యాదగా తీసుకుని, మడిచి, కుర్చీ పక్కన పెట్టేవాడు. చదువురాక కాదు, చావంటే భయమూ కాదు. తన తల్లి సంగతి చెప్పాడు: లూయీసియానాలో ఉన్నప్పుడు వారం వారం గుమ్మంలోకొచ్చే వసూలు మనిషికి తినీ తినకా చిల్లర కట్టేదట, పోయిన రోజున పరువుగా పాతిపెట్టాలని. ఖనన భీమా అంటారు. తెల్లవారి కంపెనీలూ అమ్మాయి, నల్లవారు తమలో తాము సంఘాలు పెట్టుకునీ నడుపుకున్నారు. చావుకు ముందే ఏర్పాటు చేసుకోవటం ఆ జాతికి కొత్త సంగతి కాదు. ఆ ఏర్పాటునే ఎరగా వాడుకున్న ప్రభుత్వం కూడా ఉంది. అలబామాలోని మేకన్ కౌంటీలో 1932 నుంచి 1972 దాకా ప్రజారోగ్య శాఖ సుమారు 600 మంది నల్ల పురుషుల మీద అధ్యయనం నడిపింది. అందులో 399 మందికి సిఫిలిస్. వారికి జబ్బు పేరు చెప్పలేదు. పెన్సిలిన్ వచ్చి, అందరికీ ఇస్తున్న రోజుల్లో కూడా వారికి ఇవ్వలేదు. బదులుగా ఉచిత భోజనం, పరీక్షలు, చనిపోతే ఖనన ఖర్చులు, ఆ ఖర్చులకు శవపరీక్షకు ఒప్పుకోవటం షరతు. టస్కీగీ పేరు అమెరికాలో ప్రతి వైద్య విద్యార్థికీ చెబుతారు, ‘నల్లవారి అపనమ్మకానికి చారిత్రక కారణం’ అని. చారిత్రక మంటే అయిపోయినదని అర్థం వచ్చేలాగ చెబుతారు.

ఆయన అపనమ్మకం అంత పాతది కాదు. మూత్రపిండం ఎంత పనిచేస్తున్నదో రక్తపరీక్ష నుంచి లెక్కగట్టే సూత్రం ఒకటి 1999 నుంచి వాడుకలో ఉంది. రోగి నల్లవాడైతే వచ్చిన అంకెను, ఆ సూత్రాన్నీ తరవాత వచ్చిన దాని సవరణనూ బట్టి, ఆరోవంతు నుంచి ఐదోవంతు దాకా పెంచేవారు. అంటే ఒకే రక్తం తెల్లవాడిదైతే జబ్బు ముదిరినట్టు, నల్లవాడిదైతే ఇంకా ఫరవాలేదన్నట్టు. దానివల్ల మార్పిడి జాబితాలో పేరు ఎక్కటం ఆలస్యమవుతుంది. 2021లో నిపుణుల సంఘాలు జాతి లెక్కను సూత్రం నుంచి తీసెయ్యమన్నాయి. 2023 నుంచి నల్ల రోగుల నిరీక్షణ కాలాన్ని తిరిగి లెక్కగట్టి కలపాలని నియమం వచ్చింది. ఆయనకూ ఉత్తరం వచ్చింది. అప్పటికి గుండె శస్త్రచికిత్సకు తట్టుకునే స్థితిలో లేదు. ఆ ఉత్తరమూ, సోషల్ వర్కరు కాగితమూ ఒకే సంచీలో ఉండేవి.

‘దీని మీద సంతకం పెట్టాననుకో,’ అన్నాడొకసారి నాతో. ‘రాత్రి రెండింటికి నన్ను స్ట్రెచర్ మీద తీసుకుపోతారు. ఎవరో కుర్ర డాక్టరు వస్తాడు. ముందు దీన్ని చూస్తాడా, నన్ను చూస్తాడా?’ ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేకపోయింది. కూతురికీ, వాళ్ళ చర్చి పాస్టరుకూ తనకేం కావాలో ఎప్పుడో చెప్పి ఉన్నాడు. మన మా నాయనమ్మలాగే.

ఈ ప్రశ్న ఊహాజనితం కాదని తరవాత చదివిన పరిశోధనల్లో కనిపించింది. ముదిరిన క్యాన్సరు రోగుల మీద జరిగి 2009, 2010లలో అచ్చయిన అధ్యయనాల్లో తేలిన సంగతి ఇది: చివరి దశ గురించి డాక్టరుతో ముందే మాట్లాడిన తెల్ల రోగులు, వద్దన్న యంత్రాలు లేకుండా పోయారు. అలాగే మాట్లాడిన, వద్దని చెప్పిన నల్ల రోగుల విషయంలో ఆ మాటవల్ల తేడా కనిపించలేదు. అంటే కాగితం రాయించితే సరిపోదు. రాసినవాడి మాటకు ఎంత బరువు ఉన్నదన్నది వేరే ప్రశ్న. వయసు మళ్ళినవారిలో ఇలాంటి పత్రం ఉన్న నల్లవారు తెల్లవారితో పోలిస్తే దాదాపు సగం వంతే అని పదేపదే అచ్చువేసే అంకె ఈ రెండో ప్రశ్నను చెప్పదు. అవగాహన శిబిరాలు పెట్టమంటుంది.

నొప్పి సంగతి కూడా చూడాలి, ఎందుచేతనంటే చివరి దశలో మనిషి మొదట కోరేది అదే తగ్గాలని. న్యూయార్కు నగరంలో మందుల షాపుల మీద జరిగిన ఒక పరిశీలన 2000లో వచ్చింది. తెల్లవారు ఎక్కువగా ఉండే పేటల్లో నూటికి 72 షాపుల్లో తీవ్రమైన నొప్పికి కావలసిన మార్ఫిన్ జాతి మందులు సరిపడా ఉన్నాయి. ఇతరులు ఎక్కువగా ఉండే పేటల్లో 25 షాపుల్లోనే. పత్రంలో ‘నాకు నొప్పి లేకుండా చూడండి’ అన్న గడిలో టిక్కు పెట్టి, చీటీ పట్టుకుని మూడు షాపులు తిరిగి రాత్రికి ఉత్త చేతులతో ఇంటికి వచ్చే కూతురిని ఊహించుకోండి.

హాస్పిస్ అనే ఏర్పాటు ఉంది. 1983 నుంచి మెడికేర్ దానికి డబ్బు ఇస్తోంది. ఆరు నెలలకు మించి బతకడని ఇద్దరు డాక్టర్లు రాయాలి. జబ్బు నయం చేసే చికిత్స మానుకుంటానని రోగి ఒప్పుకోవాలి. అప్పుడు నర్సు ఇంటికి వస్తుంది, మందులు వస్తాయి, మంచం వస్తుంది. మంచిదే. మా బావగారి చివరి పదమూడు రోజులు అలాగే గడిచాయి. ఆ నర్సు ఫిలిప్పీన్స్ పిల్ల, ఆమె చేతుల్ని నేను మరిచిపోలేను. కాని ఆ నర్సు వచ్చేది కొద్ది గంటలు. మిగిలిన గంటలన్నీ ఇంట్లో ఎవరో ఉండాలి. మా ఇంట్లో మా అక్క ఉన్నది, నేనున్నాను, అమ్మాయి సెలవు పెట్టగలిగింది. రేవు ముసలాయన కూతురు రెండు ఉద్యోగాలు చేసేది. రెండింటిలోనూ సెలవుకు జీతం లేదు. పైగా మూత్రపిండాల జబ్బే మరణకారణమని రాస్తే, హాస్పిస్ కావాలంటే మామూలుగా డయాలిసిస్ మానెయ్యాలి. ఆయన ఆసుపత్రిలోనే పోయాడని తరవాత తెలిసింది. ఇటీవలి సంవత్సరాల్లో చనిపోయిన మెడికేర్ రోగుల్లో తెల్లవారు సగంమంది హాస్పిస్‌లోకి వెళ్ళగలిగితే నల్లవారు నూటికి నలభై ప్రాంతంలోనో అంతకు తక్కువో ఉన్నారు. ఇది ‘ఇష్టం’ లెక్కా, వెసులుబాటు లెక్కా?

విస్కాన్సిన్ రాష్ట్రంలో లాక్రాస్ అనే చిన్న పట్నం గురించి ఈ రంగంలో అందరూ చెబుతారు. 1990ల ప్రారంభంలో అక్కడి ఆసుపత్రులు కలిసి నర్సులకూ ఇతరులకూ తరిఫీదు ఇచ్చి, ఒక్కొక్క రోగి దగ్గరా ఇంటివాళ్ళ సమక్షంలో తీరిగ్గా కూర్చోబెట్టాయి. నాలుగైదేళ్ళు తిరిగేసరికి ఆ ఊళ్ళో చనిపోయినవారిలో నూటికి 85 మందికి పత్రం ఉంది, వాటిని మన్నించారు కూడా. అక్కడి జనం అలా ఎందుకు చేశారంటే వారి సంస్కృతి అని ఎవరూ అనరు. శ్రద్ధగా పనిచేశారంటారు, అదే నిజం. అది దాదాపు అంతా తెల్లవారి పట్నం. ఓపికగల మనిషి గంటసేపు ఎదురుగా కూర్చుంటే ఎవరైనా మాట్లాడతారు. ఆ గంటకు జీతం ఎవరిస్తారన్నదే తగువు. 2009లో ఒబామా ప్రభుత్వం డాక్టర్లకు ఆ సంభాషణకు రుసుము ఇవ్వబోతే ‘మరణ మండళ్ళు’ పెడుతున్నారని సారా పేలిన్ మొదలైనవారు గోల చేశారు. ఆ భాగం చట్టంలో నుంచి తీసేశారు. 2016 జనవరి నుంచి గాని మెడికేర్ ఆ డబ్బు ఇవ్వలేదు.

ఇక మనవాళ్ళు. అమెరికా తెలుగువారంటే పెద్ద ఇళ్ళూ పెద్ద జీతాలూ గుర్తొస్తాయి గనక వాళ్ళను ఈ వరసలో చేర్చటం కొందరికి నచ్చకపోవచ్చు. పిల్లల సంగతి వేరు. చూడటానికి వచ్చిన తల్లిదండ్రుల భీమా పాత జబ్బులకు సాధారణంగా పైసా ఇవ్వదు. గ్రీన్‌కార్డు వచ్చినా, అక్కడ పనిచేసిన చరిత్ర లేకపోతే, మెడికేర్ కొనుక్కోవటానికి అయిదేళ్ళు వరసగా నివాసం ఉండాలి. ఆ అయిదేళ్ళలో ముసలివాళ్ళకు చావు రాకుండా ఉండాలి. మన ప్రవాస కథల్లో తల్లి చావు కొడుకు పశ్చాత్తాపానికి సందర్భం మాత్రమే. విమానం టిక్కెట్టు, మంచు, ఫోనులో ఏడుపు. అవతల మంచం మీద ఉన్న మనిషిని ఏమని అడిగారో, ఏ భాషలో అడిగారో, బిల్లు ఎంతో రాసిన కథ నా కంట పడలేదు.

మన దేశంలోనూ ఈ హక్కు వచ్చింది. 2018 మార్చి 9న సుప్రీం కోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ముందస్తు వైద్య నిర్దేశాన్ని గుర్తించింది. మేజిస్ట్రేటు సంతకం కావాలన్నది. అది ఎవరికీ సాధ్యం కావటం లేదని 2023 జనవరి 24న సడలించి నోటరీ గాని, గెజిటెడ్ అధికారి గాని చాలన్నది. నోటరీని గుమస్తా ద్వారానూ గెజిటెడ్ అధికారిని బంట్రోతు ద్వారానూ తప్ప ఎరగని జనానికి ఇది ఎంత సడలింపో ఆలోచించవచ్చు. మన పేదవాడు చివరి దశలో చేసే సంతకం వేరే ఉంది. డబ్బు అయిపోయిన రోజున, వైద్యుల సలహాకు విరుద్ధంగా మా ఇష్టప్రకారం తీసుకుపోతున్నాం అని ఆసుపత్రి వారు రాసి ఉంచిన వాక్యం కింద చేసేది. చేత్తో గాలి కొట్టే సంచీతో అంబులెన్సులో ఊరిదాకా తెచ్చి, గుమ్మంలో సంచీ తీసేస్తారు. రోగి కోరిన వసారా అతనికి ఈ విధంగా దక్కుతుంది, నొప్పి మందు లేకుండా. మార్ఫిన్ మీద 1985 చట్టం వేసిన బిగింపును 2014లో సడలించినా, కేరళలో లాగ ఊరి మనుషులే పూనుకుని ఇల్లిల్లూ తిరిగే ఏర్పాటు చేసుకుంటే తప్ప ఆ మందు పల్లెదాకా రాదు.

నేను తిరిగి వచ్చే ముందు ఒక స్వచ్ఛంద సంఘం వారు కాలిఫోర్నియాలో వాడే ఒక ఫారాన్ని తెలుగులో పెట్టమన్నారు. జబ్బు ముదిరినవారికి డాక్టరు సంతకంతో ఇచ్చే ఆదేశపత్రం అది. అంబులెన్సు వాళ్ళకు కనబడేటట్టు ముదురు గులాబి రంగు కాగితం మీద అచ్చువేసి ఇంట్లో ఫ్రిజ్‌కు అంటించుకోమంటారు. మూడు వారాలు కూర్చున్నాను. వైద్య పదాలకు మాటలు వెతుక్కోవటం కష్టం కాలేదు. ‘సౌఖ్యానికి మాత్రమే చికిత్స’ అని వస్తోంది, అది మన చెవికి పరిహాసంలాగ ఉంది. ‘బాధ తెలియకుండా చూసుకోవటం’ అని మార్చాను. రెండుసార్లు ఒక ముసలాయనకు చదివి వినిపించి, అతనికి తట్టని చోట తిరగరాశాను. ఎక్కడ ఉండి పోవాలని మీ కోరిక అన్న ప్రశ్న ఒకటి చేర్చమని అడిగితే, అసలు ఫారంలో లేనిది అనువాదంలో చేర్చటానికి వీలులేదన్నారు. అదీ నిజమే. చివరకు వచ్చిన వాక్యం మాత్రం ఇతర భాషల ప్రతులన్నిటిలోనూ ఉండేదే, యథాతథంగా అనువదించాను: ఈ ప్రతి మీకు అర్థం కావటానికి మాత్రమే, సంతకం ఇంగ్లీషు ప్రతి మీద చేయవలెను.